మూడు వందల ఓమ్‌ల బూచి

ఈ నెల సంచిలో ఉత్తరాలు చూస్తే నవ్వొచ్చింది. మిక్సీ, ఇన్వర్టర్ ఊసే లేదు. సగానికి పైగా హెడ్‌ఫోన్లు, వాటి ఆంప్‌ల (శబ్దం పెంచే యాంప్లిఫయర్ల) గురించే. కోఠి గుజరాతీ గల్లీలో ముప్పై ఏళ్లుగా టంకం పొగ పీలుస్తున్నవాణ్ణి, ఇన్ని వేలు పోసి చెవికి తగిలించుకునే రోజులొస్తాయని అనుకోలేదు. సరే, ఈసారి శీర్షిక మొత్తం వాటికే.

ప్రశ్న: ఏడాదిపాటు డబ్బు దాచుకుని సెన్‌హైజర్ హెచ్‌డీ 650 కొన్నాను. ఇది 300 ఓమ్‌లదట. ఫోన్‌కి పెడితే నీరసంగా వినిపిస్తోంది. కొన్నచోట అడిగితే "అరవై వేల ఆంప్ లేకపోతే ఈ హెడ్‌ఫోన్ దండగ" అన్నారు. మా ఆవిడ ఇంకా హెడ్‌ఫోన్ ధర నుంచే తేరుకోలేదు. నేను వినేది ఎక్కువగా పాత కర్ణాటక కచేరీలు. ఏం కొనమంటారు?
– ఒక బ్యాంకు ఉద్యోగి, విజయవాడ

ముందు మీ ఆవిడగారికి చెప్పండి: అరవై వేలు అక్కర్లేదు.

300 అనే అంకె చూపించి జనాన్ని భయపెట్టడం ఈ వ్యాపారంలో పాత అలవాటు. ఓమ్ అంటే అడ్డు, అంతే. డ్రిప్పు పైపుకి ఒత్తిడి కావాలి, నీళ్లు మాత్రం కొంచెమే పారతాయి. మీ హెడ్‌ఫోన్ డ్రిప్పు పైపు లాంటిది. వోల్టు అడుగుతుంది, కరెంటు పెద్దగా తాగదు.

ఎంత వోల్టు? 2003లో ఈ హెడ్‌ఫోన్ వచ్చినప్పటి నుంచీ కంపెనీ లెక్క ఒకటే: 1 వోల్టు ఇస్తే 103 డెసిబెల్స్. వోల్టు రెట్టింపయితే 6 డెసిబెల్స్ కలుస్తాయి. 2 వోల్టులకి 109, 4 వోల్టులకి 115. ఆ 115 చెవిలో గింగురుమనే మోత. ఆ స్థాయిలో కూర్చుని ఎవరూ వినరు, వినకూడదు కూడా. కాకపోతే మృదంగం మీద పడే ఒక్క గట్టి దెబ్బ క్షణంలో అంత ఎత్తుకి లేచి దిగుతుంది, దానికి చోటు ఉంచాలి. సరే, ఆ 4 వోల్టులకి మీ హెడ్‌ఫోన్ తినే పవర్ ఎంతో తెలుసా? 53 మిల్లీవాట్లు. పాతకాలం జీరో బల్బు పది పదిహేను వాట్లు తాగేది. అందులో వందో వంతు కూడా కాదిది. దీనికి "రెండు వాట్ల ఆంప్ ఉండాల్సిందే" అంటే, కుంకుడుకాయ కొట్టడానికి రోకలి తెమ్మన్నట్టు.

మరి ఫోన్‌లో నీరసమెందుకు? మామూలుగా ఫోన్, దానికి తగిలించే చిన్న డాంగిల్ (హెడ్‌ఫోన్ జాకు ఉండే ముక్క) ఇచ్చేది అర వోల్టు నుంచి ఒక వోల్టు వరకే. ఇప్పటి సినిమా పాటలు గొంతు చించుకున్నట్టు రికార్డు చేస్తారు కాబట్టి వాటికి ఆ అర వోల్టు సరిపోవచ్చు. మీ పాత కచేరీలు మెల్లగా ఉంటాయి. ఆలాపన దగ్గర వాల్యూమ్ చివరిదాకా తిప్పినా ఇంకొంచెం కావాలనిపిస్తుంది. మీ నీరసం అదే. హెడ్‌ఫోన్ తప్పు లేదు, ఓమ్‌ల తప్పూ లేదు.

ఇప్పుడు అసలు పని. ఆంప్ కొనే ముందు మీ చెవికి ఎంత వోల్టు కావాలో ఇంట్లోనే కొలవండి. ఎవరి మాటా నమ్మక్కర్లేదు, నా మాట కూడా.

కంప్యూటర్‌లో ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంటుంది. దాంతో 50 హెర్ట్జ్ సైన్ టోను ఒకటి, అర నిమిషం, పూర్తి స్థాయిలో తయారు చేసుకోండి. స్నేహితుడి దగ్గరో బంధువుల దగ్గరో కాస్త గట్టిగా పాడగలిగే ఆంప్ ఏదైనా ఒక సాయంత్రానికి అరువు తెచ్చుకోండి. మీరు వినే వాటన్నిట్లో మెల్లగా ఉండే కచేరీ పెట్టండి. మీ మనసు నిండేంత వరకు నాబ్ తిప్పండి. ఇక నాబ్ ముట్టుకోవద్దు. హెడ్‌ఫోన్ పిన్ పీకేయండి. మర్చిపోయి చెవికి పెట్టుకున్నారో, ఆ టోనుకి మీ చెవీ, హెడ్‌ఫోన్‌లో శబ్దం పుట్టించే డ్రైవరూ రెండూ తిట్టుకుంటాయి. పాడైపోయిన ఇయర్‌ఫోన్ వైరు కత్తిరించి, దాని పిన్ను జాకులో పెట్టి, ఒక చెవికి వెళ్లే రెండు తీగల కొనల మీద మల్టీమీటర్ ఏసీ రేంజిలో ఆనించి, టోను నడపండి. మీటరు చూపించేదే మీకు ఎప్పటికైనా కావలసిన గరిష్ఠం. ఆ స్థాయిలో నాబ్ ఉండగా పాట అంతకు మించి పోలేదు.

ఒక మాట. మూడు నాలుగు వందలకి దొరికే పచ్చ మీటరు ఉంది చూశారూ, మా గల్లీలో కుప్పలుగా ఉంటుంది. అందులో ఏసీకి 200, 750 అని రెండే రేంజులు. మీ ఒక్క వోల్టు దానికి ఆనదు. ఏసీలో 2 వోల్టుల రేంజో, తనంతట తాను రేంజి మార్చుకునేదో తీసుకోండి.

ఆ మధ్య ఖమ్మం నుంచి ఒక డాక్టరుగారు వచ్చారు. మీలాగే 300 ఓమ్‌లది. "నేను చాలా గట్టిగా వింటానండీ, ఇంట్లోవాళ్లకి కూడా వినిపిస్తుంది" అన్నారు. (అది ఓపెన్ బ్యాక్, అంటే వెనక తెరిచి ఉండే హెడ్‌ఫోన్, మెల్లగా విన్నా ఇంట్లోవాళ్లకి వినిపిస్తుంది.) నా బల్ల దగ్గరే కూర్చోబెట్టి, ఆయన పాటే పెట్టించి కొలిచాను. 0.9 వోల్టు. ఆయన రెండుసార్లు మీటరు కొట్టి చూశారు, పాడైందేమోనని. నాది కొలిస్తే 0.6. అప్పటివరకు నేనూ మూడు నాలుగు వోల్టులు వింటున్నాననే భ్రమలో ఉన్నాను.

మీ కొలత ఎంతొస్తే దానికి రెట్టింపు ఇచ్చే ఆంప్ చాలు. ఒకటిన్నర వస్తే మూడు వోల్టులు, అంటే 300 ఓమ్‌ల దగ్గర 30 మిల్లీవాట్లు. ఆంప్ పెట్టె మీద పెద్ద అక్షరాలతో రాసేది 32 ఓమ్‌ల లెక్క. దాన్ని వదిలేసి 300 ఓమ్‌లకి ఎంత అని రాసిన గీత వెతకండి. ఫియో, టాపింగ్ లాంటి కంపెనీల చవక మోడళ్లు కూడా దీన్ని దాటేస్తాయి. మోడల్ పేరు రాయను. పత్రిక మీ ఇంటికొచ్చేలోపు కొత్తది దిగుతుంది.

చవకదంటే తక్కువదేమో అని అనుమానపడేవాళ్లకి ఓ కథ. 2011లో ఒక ఇంజినీరు తన పేరు చెప్పకుండా ఓ2 అనే హెడ్‌ఫోన్ ఆంప్ నక్షా మొత్తం ఊరికే జనం మీద పారేశాడు. మామూలు ఐసీలు, రెండు 9 వోల్టుల బ్యాటరీలు, అరచేతిలో పట్టే బోర్డు. ఖరీదైన ఆంప్‌ల పక్కన పెట్టి కొలిచి చూపించాడు. చాలామందికి కోపం తెప్పించాడు. 2012 తర్వాత మళ్లీ కనిపించలేదు, ఎవరో ఈనాటికీ లోకానికి తెలియదు. ఆ బోర్డు నేనూ ఒకటి కట్టాను. పూర్తయ్యాక మా అబ్బాయి చేత వైర్లు మార్పించి, ఏది ఏదో నాకు తెలియకుండా, ఒక పెద్దమనిషి రిపేరుకి ఇచ్చిన లక్ష రూపాయల ఆంప్‌తో పోల్చి విన్నాను. వాల్యూమ్ మీటరుతో సమానంగా పెట్టాక నాకు తేడా దొరకలేదు. ఆ పెద్దమనిషికి ఈ సంగతి చెప్పలేదనుకోండి.

ఇంకొకటి కూడా ముందే చెప్పాలి. ద్వారం వెంకటస్వామి నాయుడుగారి వయోలిన్ పాత రికార్డులో గరగర ఉంటే, అది ఏ ఆంప్‌తోనూ పోదు. మంచి హెడ్‌ఫోన్‌లో ఇంకా స్పష్టంగా వినిపిస్తుంది.

ప్రశ్న: అన్నా, సెకండ్‌హ్యాండ్‌లో హైఫైమ్యాన్ హెచ్‌ఈ-6 దొరికింది. ఇది 50 ఓమ్‌లే కాబట్టి ఫోన్‌తో ఎగిరిపోతుందని దోస్తు చెప్పాడు. పెడితే దోమ పాడినట్టుంది. మోసపోయానా?
– ఒక విద్యార్థి, కూకట్‌పల్లి

మోసపోలేదు తమ్ముడూ, మీ దోస్తు తిరగేసి చదివాడు. పైన విజయవాడ ఆయనది డ్రిప్పు పైపయితే నీది సాగర్ కాలువ.

ఓమ్‌లు ఒక్కటే చూస్తే ఏమీ తెలియదు. పక్కన సెన్సిటివిటీ (ఇచ్చిన పవర్‌కో వోల్టుకో ఎంత శబ్దం చేస్తుందో) అని ఇంకో అంకె ఉంటుంది, కథంతా అక్కడే. హెచ్‌ఈ-6కి అది మిల్లీవాటుకి 83.5 డెసిబెల్స్. ఇంత బద్ధకపు హెడ్‌ఫోన్ నేను ఇంకోటి చూడలేదు. 110 డెసిబెల్స్ రావాలంటే లెక్క వేద్దాం. 26.5 డెసిబెల్స్ పెరగాలి, అంటే పవర్ దాదాపు 450 రెట్లు. 450 మిల్లీవాట్లు, 4.7 వోల్టులు, 95 మిల్లీఆంపియర్లు. అదే 110కి హెచ్‌డీ 650 అడిగేది 17 మిల్లీవాట్లు. ఇరవై ఆరు, ఇరవై ఏడు రెట్లు తేడా! 115 దాకా చోటు ఉంచుకుందామంటే దాదాపు 1.4 వాట్లు, 8.4 వోల్టులు, 170 మిల్లీఆంపియర్లు. ఇక్కడ మాత్రం దుకాణం వాడి రెండు వాట్ల ఆంప్ అబద్ధం కాదు. 50 ఓమ్‌ల దగ్గర రెండు వాట్లు ఇచ్చేదేనా అని చూసుకో.

ఈ అంకెల్లో ఒక గోతి ఉంది, చాలామంది పడ్డారు. కొందరు సెన్సిటివిటీ మిల్లీవాటుకి రాస్తారు, కొందరు వోల్టుకి రాస్తారు. రెండూ డెసిబెల్సే కాబట్టి ఒకటే అనిపిస్తుంది. 32 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌కి మిల్లీవాటు లెక్కలో 100 అంటే వోల్టు లెక్కలో 115. 300 ఓమ్‌ల దానికైతే తేడా ఐదే. విజయవాడ ఆయన 103 వోల్టు లెక్క, నీ 83.5 మిల్లీవాటు లెక్క. ఏ లెక్కో చూడకుండా రెండు పెట్టెలు పక్కపక్కన పెట్టి పోల్చొద్దు.

ఇంట్లో మంచి స్టీరియో ఆంప్ ఉంటే స్పీకరు టెర్మినల్స్‌కే హెచ్‌ఈ-6 తగిలించి వినేవాళ్లున్నారు, దానికి ఆ దమ్ముంది. అయితే ఇప్పటి చిన్న క్లాస్-డి రకం ఆంప్ బోర్డుల్లో ఎక్కువ వాటికి నలుపు టెర్మినల్ గ్రౌండు కాదు, అక్కడ కూడా సిగ్నలే ఉంటుంది. ఎడమ నలుపు, కుడి నలుపు కలిసిపోయే మామూలు మూడు తీగల పిన్ను దానికి పెడితే ఆంప్ కాలుతుంది. ఎడమకి రెండు, కుడికి రెండు, నాలుగు తీగలు విడివిడిగా ఉన్న కేబులే వాడు. ఇంకే హెడ్‌ఫోన్‌తోనూ ఈ వేషం వేయకు.

ప్రశ్న: బేయర్‌డైనమిక్ డీటీ 880 మూడు రకాలు చూపిస్తోంది: 32, 250, 600 ఓమ్‌లు. ఓమ్‌లు పెరిగితే క్వాలిటీ పెరుగుతుందా?
– ఒక అధ్యాపకుడు, తిరుపతి

హెడ్‌ఫోన్ లోపలి కాయిల్ చుట్టలో తీగ సన్నబడుతుంది, చుట్లు పెరుగుతాయి. ప్రధానమైన తేడా అదే. 600 రకం బావుంటుందని ప్రమాణం చేసేవాళ్లున్నారు, వాళ్లతో వాదన పెట్టుకోను. ఒక మిల్లీవాటు నింపడానికి 32 ఓమ్‌ల దానికి 0.18 వోల్టు చాలు, 600 దానికి 0.775 వోల్టు కావాలి.

ఆ 0.775 చూస్తే నాకు పని నేర్పిన గురువుగారు గుర్తొచ్చారు. రేడియో స్టేషన్‌లో చేసి రిటైరైన మనిషి. 600 ఓమ్‌ల మీద 0.775 వోల్టు అంటే సరిగ్గా ఒక మిల్లీవాటు. టెలిఫోన్, రేడియోవాళ్ల పాత "సున్నా డీబీఎం" అదే. పొద్దున్నే షాపు తెరవగానే టీ కంటే ముందు సిగ్నల్ జనరేటర్ మీద ఆ 0.775 పెట్టించి మీటర్లు సరిచూపించేవారు.

మీకు విడిగా ఆంప్ ఉంటే 250 తీసుకోండి. లేకపోతే 32.

ప్రశ్న: నేను సంగీతం నేర్పుతాను. పెళ్లిరోజుకి మావారు ఒక ట్యూబ్ హెడ్‌ఫోన్ ఆంప్ తెచ్చారు, చూడ్డానికి దీపాల్లా వెలుగుతూ ముచ్చటగా ఉంటుంది. నా హెడ్‌ఫోన్ 32 ఓమ్‌లది. దీన్లో పెట్టాక మృదంగం తొప్పి (ఎడమ వైపు) లోటాలో కొట్టినట్టు బొంగుమంటోంది. ట్యూబ్ శబ్దం ఇంతేనా? ఆయన్ని నొప్పించకుండా ఎలా చెప్పాలి?
– ఒక సంగీతం టీచర్, విశాఖపట్నం

అమ్మా, మీ చెవి సరిగ్గానే పట్టింది. మావాళ్లు మీటరు పెట్టి కనుక్కునేది మీరు తొప్పి విని కనుక్కున్నారు.

మీరు పంపిన ఫోటోలో పెద్ద ట్యూబు 6080, చిన్నది 12ఏయూ7. పక్కన అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కనిపించలేదు. అంటే ఓటీఎల్ అనే రకం. దీనికి అవుట్‌పుట్ అడ్డు ఎక్కువ, పదుల ఓమ్‌ల నుంచి వంద దాటి కూడా ఉండొచ్చు. వంద అనుకుందాం. మీ 32 దాని వెనక నిలబడితే, వోల్టులో నాలుగో వంతు మీ చెవికి, ముప్పాతిక ఆంప్ కడుపులోకి.

అంతటితో పోతే వాల్యూమ్ పెంచుకుంటే సరిపోయేది. హెడ్‌ఫోన్ ఓమ్‌లు అన్ని శ్రుతుల దగ్గరా ఒకేలా ఉండవు. ఇలాంటి డైనమిక్ (కాయిల్ చుట్ట ఉండే) హెడ్‌ఫోన్లకి కింది స్వరాల దగ్గర ఒక గుట్టలా లేస్తాయి. మీది అక్కడ 32 కాస్తా 50 అయిందనుకోండి. ఓమ్‌లు పెరిగిన చోట ఆంప్ వాటా తగ్గి, హెడ్‌ఫోన్ వాటా పెరుగుతుంది. లెక్క కడితే దాదాపు 3 డెసిబెల్స్ ఎక్కువ. తొప్పి పలికేది ఆ ప్రాంతంలోనే. పైగా ఆంప్‌కి పట్టు లేక, దెబ్బ పడ్డాక హెడ్‌ఫోన్‌లో కదిలే పొర, అదే డయాఫ్రం, ఆగాల్సిన చోట ఆగదు. అదే మీకు లోటాలా వినిపిస్తోంది.

నిజమో కాదో చూసుకోవాలంటే 33 ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి, రెండు రూపాయలు. పైన చెప్పిన 50 హెర్ట్జ్ టోనే పెట్టి, ఏమీ తగిలించకుండా ఆంప్ అర వోల్టు చూపించేలా నాబ్ పెట్టండి. పిన్ను తీగలకి అడ్డంగా ఆ రెసిస్టర్ పెట్టి మళ్లీ చూడండి. మీటరు 0.12కి పడిపోతే మీ ఆంప్ అడ్డు 105 ఓమ్‌ల దాకా ఉన్నట్టు. లెక్క తేలికే: పడిపోయిన వోల్టుని మిగిలిన వోల్టుతో భాగించి 33తో హెచ్చించడం. ఈ పని బయట జాకు దగ్గరే చేయండి. మూత మాత్రం తీయొద్దు. లోపల వంద వోల్టులకి పైగా ఉంటుంది, ప్లగ్గు పీకాక కూడా కాసేపు ఉంటుంది.

అడ్డు అంత ఉండడం తప్పేమీ కాదు. 1996 నాటి ఐఈసీ 61938 అనే అంతర్జాతీయ ప్రమాణం హెడ్‌ఫోన్ జాకుకి 120 ఓమ్‌లు అనే రాసింది. అప్పటి లోకం వేరు. ఇప్పుడు మేం పాటించే మోటు లెక్క, హెడ్‌ఫోన్ ఓమ్‌లలో ఎనిమిదో వంతుకి మించి ఆంప్ అడ్డు ఉండకూడదని. మీ 32కి 4 ఓమ్‌ల లోపు. ప్లానార్ రకానికి (చుట్ట కాకుండా పల్చటి పొర మీదే తీగ పరిచినవి) ఓమ్‌లు అన్ని శ్రుతులకీ దాదాపు సమానంగా ఉంటాయి కనక ఈ లెక్క వాటికి అంతగా పట్టదు.

మీవారికి ఏం చెప్పాలంటారా? ఆంప్ చాలా బావుంది, దానికి జోడీ కుదరలేదని చెప్పండి. వచ్చే పెళ్లిరోజుకి 300 ఓమ్‌ల హెడ్‌ఫోన్ అడగండి. ఓటీఎల్‌కి అది మీ 32 కంటే చాలా బాగా నప్పుతుంది. ఈలోపు మీ 32 దానికి మామూలు డాంగిల్ చాలు.

ప్రశ్న: డల్లాస్‌లో ఉన్న మా అబ్బాయి తను వాడిన హెడ్‌ఫోన్ ఆంప్ నాకు పంపాడు. అడాప్టర్ పిన్నులు మన సాకెట్‌లో పట్టడం లేదు. మూడు పిన్నుల కన్వర్టర్ కొని పెట్టేయొచ్చా?
– ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు, తెనాలి

మాస్టారూ, ఆగండి! ఈ ఉత్తరం చదివాక మీకు ఫోన్ చేద్దామనుకున్నా నంబరు లేదు.

అడాప్టర్ మీద చిన్న అక్షరాలు చదవండి, భూతద్దం పెట్టయినా సరే. ఇన్‌పుట్ 100–240 అని ఉంటే పిన్ను కన్వర్టర్ చాలు. 120 అని ఒక్కటే ఉంటే మన 230కి పెట్టగానే ఒక చప్పుడు, తర్వాత వాసన. బరువుగా ఉండే అడాప్టర్లు ఎక్కువగా ఈ రకమే. ఆంప్ లోపలే ట్రాన్స్‌ఫార్మర్ ఉంటే వెనక 115/230 మీట కోసం చూడండి, ఒక్కోదానికి ఉంటుంది.

120 అడాప్టర్ తీసేసి వేరేది కొందామనుకుంటే ఇంకో మెలిక. అమెరికా ఆంప్‌లలో కొన్నింటి అడాప్టర్ ఏసీ తీసుకుని ఏసీయే ఇస్తుంది. అవుట్‌పుట్ దగ్గర "ఏసీ" అనో, అలలాంటి గుర్తో ఉంటుంది. దానికి బజారులో దొరికే డీసీ అడాప్టర్ పెడితే వోల్టులు సరిపోయినా ఆంప్ పలకదు. మా షాపుకి అలాంటివి "చచ్చిపోయింది" అంటూ వస్తాయి. సరైన ఏసీ అడాప్టర్ పెడితే లేచి కూర్చుంటాయి. ఏదీ తేలకపోతే 230 నుంచి 110కి దించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొనండి, ఆంప్ ఎన్ని వాట్లు తింటుందో దానికి రెట్టింపుది.

ప్రశ్న: ఆంప్ మెటల్ బాడీ ముట్టుకుంటే చేతికి సన్నగా జిల. టెస్టరు పెడితే వెలుగుతోంది. రాత్రి హెడ్‌ఫోన్‌లో గుయ్యిమని కూడా వస్తోంది.
– ఒక పాఠకుడు, నెల్లూరు

రెండు పిన్నుల అడాప్టర్ కదూ? దానిలోపల కరెంటు వైపు నుంచి ఇటువైపుకి ఒక చిన్న కెపాసిటర్ ఉంటుంది, రేడియో గోల తగ్గించడానికి. దాని గుండా అతి తక్కువ కరెంటు బాడీకి చేరుతుంది. మంచి అడాప్టర్ అయితే ప్రమాదం లేదు, చిరాకే. పేరూ ఊరూ లేని అడాప్టర్ అయితే వెంటనే పారేయండి, దాని లోపలి కెపాసిటర్‌ని నమ్మలేం. ఆంప్‌ని ఎర్తింగ్ ఉన్న డెస్క్‌టాప్‌కి యూఎస్‌బీతో కలిపితే జిల పోతుంది. కాకపోతే మీ ఇంటి ఎర్తింగే సరిగ్గా లేకపోతే అదీ పనిచేయదు. ఎలక్ట్రీషియన్ని పిలిచి ముందు అది చూపించండి. ఆంప్ సంగతి తర్వాత.

లాప్‌టాప్‌కి కలిపి వింటున్నట్టయితే, గుయ్యిమనడం దాని ఛార్జర్ పీకితే ఆగుతోందా చూడండి. ఆగితే అది గ్రౌండ్ లూప్, అంటే రెండు పరికరాల గ్రౌండుల మధ్య కరెంటు చుట్టు తిరగడం, ఆంప్ మార్చినా మీ వెంటే వస్తుంది.

ప్రశ్న: బ్యాలెన్స్‌డ్ 4.4 మిల్లీమీటర్ల పిన్ను పెడితే శబ్దం విశాలంగా ఉంటుందంటారు, నిజమా?
– అనేకమంది

బ్యాలెన్స్‌డ్ అంటే ఒక్కో చెవికి వెళ్లే రెండు తీగల్లోనూ సిగ్నలే, కాబట్టి వోల్టు దాదాపు రెట్టింపు వస్తుంది. దాంతో శబ్దం పెరుగుతుంది. పెరిగిందేదైనా బావున్నట్టే ఉంటుంది. కూకట్‌పల్లి తమ్ముడి హెడ్‌ఫోన్‌కి ఆ రెట్టింపు అవసరం. ఇయర్‌ఫోన్లకి అనవసరం.

ప్రశ్న: నాబ్ కొంచెం తిప్పితే ఎడమ చెవిలోనే వస్తోంది, ఇంకాస్త తిప్పితే రెండూ సమానం. కానీ అప్పటికే మోత. వెనక సుయ్యిమని కూడా వినిపిస్తోంది. నాది మల్టీ డ్రైవర్ ఇయర్‌ఫోన్.
– ఒక పాఠకురాలు, కరీంనగర్

నాబ్ కింద ఎడమ చెవికొకటి, కుడి చెవికొకటి ఉండే రెండు ట్రాకులు మొదట్లో సమానంగా ఉండవు, ఖరీదైన వాటిలో కూడా. మీ ఆంప్‌కి గెయిన్ (శబ్దం ఎన్ని రెట్లు పెంచాలో చెప్పే) మీట ఉంటే తక్కువ ("లో") వైపు పెట్టండి, నాబ్ సగం దాకా తిప్పుకునే వీలొస్తుంది. సుయ్యి కూడా చాలావరకు తగ్గుతుంది. గెయిన్ మీట లేకపోతే ఈ ఆంప్ మీ ఇయర్‌ఫోన్‌కి పెద్దది, అమ్మేయండి. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అయింది.

ప్రశ్న: నాకు 67 ఏళ్లు. ఈమధ్య తాళాల గలగల, తంబురా మీటుల్లోని పై మెరుపు వినిపించడం లేదు. ఏ ఆంప్ కొంటే తిరిగి వస్తుంది?
– ఒక పాఠకుడు, కాకినాడ

మీరు పెద్దవారు, దాపరికం లేకుండా చెబుతాను. ఏ ఆంపూ తేదు. వయసుతో మొదట పోయేవి పైశ్రుతులే, ముఖ్యంగా ఎనిమిది పదివేల హెర్ట్జ్‌కి పైవి. నాకూ పన్నెండు వేల టోను రెండేళ్లుగా వినిపించడం లేదు. షాపు కుర్రాణ్ణి పిలిచి "వస్తోందా" అని అడుగుతున్నాను. ముందు ఈఎన్‌టీ దగ్గర ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష) తీయించుకోండి. ఒక్కోసారి ఉత్త గులిమి తేలుతుంది. తర్వాత ఫోన్‌లోనే ఈక్వలైజర్ పెట్టి పైవైపు మూడు నాలుగు డెసిబెల్స్ మెల్లగా ఎత్తి చూడండి. వాల్యూమ్ మొత్తం పెంచడం మాత్రం వద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకి చెప్పిన హద్దు, 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు. 90కి పోతే నాలుగు గంటలే.

ప్రశ్న: పాలిటెక్నిక్ రెండో ఏడాది. యూట్యూబ్ చూసి నేనే హెడ్‌ఫోన్ ఆంప్ కట్టాను. లైటు వెలిగింది. మా మామయ్య ఫోకల్ కంపెనీ హెడ్‌ఫోన్ పెట్టి చూడొచ్చా?
– ఒక విద్యార్థి, వరంగల్

నాయనా, మామయ్య హెడ్‌ఫోన్ ముట్టుకోకు.

షాపు పెట్టిన కొత్తలో నేను ఒక కస్టమర్ కోసం ఆంప్ కట్టాను. నీలాగే లైటు వెలిగింది, పొంగిపోయాను. ఆయన హెడ్‌ఫోనే తగిలించి నాబ్ తిప్పాను. ఎడమవైపు టక్ మని చిన్న చప్పుడు, తర్వాత కుడివైపు పాట, ఎడమవైపు నిశ్శబ్దం. హెడ్‌ఫోన్ ఎడమ కప్పు దగ్గర ముక్కు పెడితే కాలిన వార్నిష్ వాసన. ఒక ఐసీ కాలు సరిగ్గా అంటలేదు. దాంతో ఎడమ ఛానెల్‌లో నాలుగైదు వోల్టుల డీసీ నిలబడి ఉంది. కాయిల్ మాడిపోయింది. కొత్త డ్రైవర్ కొనడానికి నా రెండు నెలల సంపాదన పోయింది. ఆ కాలిన కాయిల్ ఇప్పటికీ బల్ల సొరుగులో ఉంది. కొత్త కుర్రాడు చేరినప్పుడల్లా తీసి చేతిలో పెడతాను.

ఇన్‌పుట్‌కి ఏమీ పెట్టకుండా, నాబ్ మొత్తం తగ్గించి, మీటరు డీసీ 200 మిల్లీవోల్టుల రేంజిలో పెట్టి హెడ్‌ఫోన్ జాకు దగ్గర రెండు ఛానెళ్లూ చూడు. ఈ పనికి ఆ పచ్చ మీటరే చాలు. ఆన్ చేసిన క్షణంలో ఎంత ఎగురుతోందో చూడు. పదినిమిషాలు వేడెక్కాక ఎంత ఉందో చూడు. నాబ్ పూర్తిగా పెంచి కూడా చూడు. పది మిల్లీవోల్టుల లోపుంటే హాయి. యాభై దాటితే నేనైతే నా పాత హెడ్‌ఫోన్ కూడా పెట్టను. అన్నీ బావుంటే ముందు 33 ఓమ్‌ల రెసిస్టర్ తగిలించి ఓ గంట నడిపి, ఐసీ మీద వేలు పెట్టు. వేలు ఆనించలేనంత వేడిగా ఉంటే ఆపేయ్. ఆ తర్వాత వంద రూపాయల ఇయర్‌ఫోన్.

మీటరు ఏ ఛానెల్‌లో ఎంత చూపించిందో, బోర్డు అడుగువైపు ఫోటోతో సహా రాసి పంపు. టంకం చుక్కలు కనిపించేలా వెలుతురులో తీయి.